కాకరపాదు, కౌలునేల: అమెరికాలో ఆసియా కూరగాయల సాగు

అమెరికాలో ఆసియా కూరగాయలు పండించే చిన్న రైతుల గురించి కొన్నేళ్ళుగా చాలా రాతలు వస్తున్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఆ సాగును లాభసాటి మార్కెట్‌గా చూస్తాయి. కాందిశీకులతో పనిచేసే సంస్థలు అదే సాగును మనసు కుదుటపరిచే మందుగా, మనుషుల్ని కలిపే పనిగా చెబుతాయి. కూలీ చట్టాలూ భూమి లెక్కలూ తవ్వే పరిశోధకులు ఈ రెండు మాటల్నీ అనుమానంగానే వింటారు. ముగ్గురూ చూస్తున్నది అవే మడులు, అవే కాకరపాదులు. అయినా ఒకరి మాట ఒకరికి ఎక్కదు. ఒకరు పంట గురించి, ఒకరు మనుషుల గురించి, ఒకరు చట్టం గురించి మాట్లాడుతుండటమే దానికి కారణం. ఆ వాదాలను వాటి చరిత్రతో సహా ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చర్చ అంతా పంట చుట్టూ తిరుగుతున్నా, రైతు నిలిచాడా లేదా అన్నది తేల్చింది దాదాపు ప్రతిసారీ నేల ఎవరిదన్న ప్రశ్నే.

'ప్రత్యేక పంట' అంటే ఏది?

చిక్కు పేరులోనే మొదలవుతుంది. 2004లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం పండ్లు, కూరగాయలు, బాదం లాంటి చెట్టుగింజలు, ఎండుపళ్ళు, పూలు, నర్సరీ మొక్కలు అన్నీ ప్రత్యేక పంటలే. అంటే వాషింగ్టన్ యాపిల్ కూడా ప్రత్యేక పంటే. వాడుకలో మాత్రం 'ఆసియా ప్రత్యేక పంట' అంటే కాకర, బీర, సొర, పొడుగు అలసంద, నిమ్మగడ్డి, బాక్‌చోయ్, తెల్ల ముల్లంగి, సన్న మిరప లాంటివి. వీటిని కలిపే వృక్షశాస్త్ర సూత్రం ఏదీ లేదు. తినేవాళ్ళు ఎవరన్నదాన్ని బట్టి పెట్టిన పేరు ఇది. బెండ ఆఫ్రికా నుంచి వచ్చినా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇంటి కూరే అయింది. కాకర ఇంకా పొరుగింటి చేదుగానే ఉంది.

పేరుతో వచ్చిన నష్టాలు చేను దగ్గర తెలుస్తాయి. అమెరికాలో పురుగుమందు డబ్బా మీద ఏ పంట పేరు ఉంటే ఆ పంటకే ఆ మందు కొట్టాలి. చిన్న పంటలకు అనుమతి తెచ్చుకునే ఖర్చు కంపెనీలకు గిట్టదు. ఆ లోటు పూడ్చడానికే 1963లో ఐఆర్-4 అనే ప్రభుత్వ పథకం పెట్టారు. ఒక పంట మీద చేసిన పరీక్షను దాని జాతి పంటలకూ వర్తింపజేసే పద్ధతి వచ్చాక కొంత ఊరట దొరికింది. బీమాదీ ఇదే కథ. మొక్కజొన్నకు ఉన్నంత సులువుగా, ఇరవై రకాలు కలిపి వేసిన మూడెకరాల చెక్కకు బీమా దొరకదు.

ఇంకో తమాషా ఉంది. ప్రత్యేక పంట బాగా అమ్ముడుపోతే ఇక ప్రత్యేకం కాదు. నాపా క్యాబేజీ, బాక్‌చోయ్ ఇప్పుడు చాలా పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉన్నాయి. వాటిని పెద్ద కమతాలే ట్రక్కుల లెక్కన పంపుతున్నాయి. మార్కెట్‌ను మొదట అలవాటు చేసింది చిన్న రైతు, దాన్ని ఏలుతున్నది పెద్ద రైతు.

పంట పండింది, పట్టా దక్కలేదు

ఈ సాగు నిన్నమొన్నటిది కాదు. కాలిఫోర్నియా చీనా రైతుల చరిత్రను సుచెంగ్ చాన్ 1986లో 'దిస్ బిటర్‌స్వీట్ సాయిల్' అనే పుస్తకంగా రాశారు. బంగారు గనుల కోసం వచ్చినవాళ్ళలో కొందరు కూరగాయల తోటలకు మళ్ళారు. శాక్రమెంటో, శాన్ హొకీన్ నదుల డెల్టాలో కరకట్టలు కట్టి చిత్తడిని పొలంగా మార్చిన చేతులు ఎక్కువగా వాళ్ళవే. ఆరెగాన్‌లో సెత్ లూయెలింగ్ తోటలో పనిచేసిన ఆ బింగ్ అనే చీనా మేస్త్రీ పేరు మీదనే నేటి 'బింగ్ చెర్రీ' ఉంది. 1882లో చీనా కూలీల రాకను నిషేధించారు.

డెల్టాలో లాక్ అనే చిన్న ఊరుంది. 1915లో చీనావాళ్ళు తమకోసం కట్టుకున్నది. ఇళ్ళు వాళ్ళవి, ఇళ్ళ కింది నేల వేరేవాళ్ళది. ఆ నేల ఇళ్ళవాళ్ళ పేరుకు మారడానికి 2004 దాకా పట్టింది.

మొదట్లో వాళ్ళు నేల కొనలేకపోవడానికి కారణం 1913 నాటి కాలిఫోర్నియా విదేశీయుల భూచట్టం. 'పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు' సేద్యపు భూమి కొనకూడదు, కౌలు మూడేళ్ళు మించకూడదు అని అందులో ఉంది. 1920లో ఆ కౌలు వెసులుబాటూ తీసేశారు. చట్టం ఏ దేశం పేరూ ఎత్తలేదు. ఆసియా నుంచి వలస వచ్చినవాళ్ళకు పౌరసత్వం ఇచ్చేవారు కాదు కాబట్టి ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులూ ఆ అనర్హుల లెక్కలోకే వస్తారని తేల్చింది. ఇంపీరియల్ లోయలో పత్తి, పుచ్చ వేస్తున్న పంజాబీలు దాంతో ఇరుకున పడ్డారు. అమెరికాలో పుట్టిన పిల్లల పేర, నమ్మకస్తులైన తెల్లవాళ్ళ పేర భూమి రాయించి సాగు చేశారు. మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడిన ఆ పంజాబీ కుటుంబాల చరిత్రను కారెన్ లియొనార్డ్ 1992లో పుస్తకంగా తెచ్చారు. 1946లో భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరుచుకుంది. పదేళ్ళకే, 1956లో, అదే లోయలో సేద్యం చేసిన దలీప్ సింగ్ సౌంద్ అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

అన్నిటికన్నా గట్టి దెబ్బ తిన్నది జపనీయులు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు కాలిఫోర్నియా కూరగాయల్లో పెద్ద వాటా వాళ్ళ పొలాల నుంచే వచ్చేది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో దాదాపు 1.2 లక్షల మందిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. కోతకొచ్చిన స్ట్రాబెర్రీ చేలను వదిలి వెళ్ళారు. శాన్ హోసెలో 1917లో మొదలైన కిటజావా విత్తనాల కంపెనీ కూడా మూతపడి, యుద్ధం తర్వాత మళ్ళీ తెరుచుకుంది. అమెరికాలో ఆసియా కూరగాయలు వేసేవాళ్ళకు ఆ కంపెనీ విత్తన పొట్లాలు బాగా తెలిసినవే. భూచట్టాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1952లో కొట్టేసింది.

ఆ అధ్యాయం ముగిసిందనుకోవడం తొందరపాటు. ఫ్లోరిడా ఓటర్లు అలాంటి పాత నిబంధనను తమ రాజ్యాంగం నుంచి 2018లో తొలగించారు. అయిదేళ్ళు తిరక్కుండా 2023లో, చైనా తదితర దేశాల పౌరుల భూకొనుగోళ్ళకు పగ్గాలు వేస్తూ అదే రాష్ట్రం కొత్త చట్టం చేసింది.

1975 తర్వాత: కొండల నుంచి రైతుబజారుకు

ఇప్పటి చర్చకు కేంద్రంలో ఉన్నది లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ జనం. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా తరఫున పోరాడి, 1975లో ఓడి, థాయ్ శిబిరాల మీదుగా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకూ, మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌కూ, విస్కాన్సిన్‌కూ చేరారు. చాలామందికి తెలిసిన సాగు కొండపోడే, ఇంగ్లీషు రాదు. 1980ల నుంచి సెయింట్ పాల్ రైతుబజారులో వాళ్ళ బల్లలు పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు అక్కడి తెల్ల కొనుగోలుదారుల సంచుల్లోకీ నిమ్మగడ్డి, సన్న మిరప వెళుతున్నాయి.

తూర్పున మసాచుసెట్స్‌లో వేరే దారి కనిపించింది. లాంకాస్టర్‌లో ఒక పాడిరైతు కుటుంబం 1984 ప్రాంతంలో హ్మాంగ్ సాగుదారులకు నేల ఇచ్చింది. అదే తర్వాత ఫ్లాట్స్ మెంటార్ ఫామ్‌గా ఎదిగింది. కంబోడియన్లు ఎక్కువగా ఉన్న లోవెల్‌లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం 1998లో 'న్యూ ఎంట్రీ' అనే శిక్షణ పథకం మొదలుపెట్టింది. ఒక చెక్క నేల, ఉమ్మడి ట్రాక్టరు, నీటి వసతి, అమ్మకంలో సాయం ఇచ్చి కొన్నేళ్ళకు సొంతంగా వెళ్ళమనడం దీని పద్ధతి. నర్సరీలో నారు పెంచినట్టే. తర్వాత ఆ నారును ఏ చేలో నాటాలన్నది పథకం చేతిలో లేదు.

వాదం ఒకటి: మార్కెట్ ఉంది, పండించండి

రట్గర్స్, మసాచుసెట్స్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలు కలిసి తూర్పుతీరంలోని 16 రాష్ట్రాల్లోనూ రాజధాని వాషింగ్టన్‌లోనూ చీనా, భారతీయ, మెక్సికన్, ప్యూర్టోరికన్ కుటుంబాలు ఏ కూరలు కొంటున్నాయో సర్వే చేశాయి. రట్గర్స్ ఆర్థికవేత్త రాము గోవిందసామి ఈ పనిలో ముఖ్యులు. టమాటా, స్వీట్‌కార్న్‌ల మీద పెద్ద కమతాలతో పోటీ పడలేని న్యూజెర్సీ రైతు, పక్క ఊళ్ళోనే ఉన్న ఈ కుటుంబాలకు తాజా కూర అమ్మవచ్చన్నది ఈ వాదం సారం. ఆకుకూరల విషయంలో ఇందులో నిజం చాలా ఉంది. వారం రోజులు ట్రక్కులో ప్రయాణం చేసిన మెంతికూర ఎలా ఉంటుందో కొన్నవాళ్ళకు తెలుసు.

లోటు ధర దగ్గర బయటపడుతుంది. చిన్న మార్కెట్ తొందరగా నిండిపోతుంది. పదిమంది ఒకే వారం బీరకాయ తెస్తే ధర నేలకు దిగుతుంది. పైగా ఆసియా కొనుగోలుదారు దగ్గరలో పండిందని పైసా ఎక్కువ ఇస్తాడన్న నమ్మకం లేదు. న్యూయార్క్ చైనాటౌన్ మీద వాలెరీ ఇంబ్రూస్ 2015లో తెచ్చిన పుస్తకం ఈ సంగతినే వేరే కోణంలో చూపింది. అక్కడి చవక కూర దక్షిణ ఫ్లోరిడా, హోండురాస్‌లలోని పొలాల నుంచి, చీనా టోకు వర్తకుల గొలుసు ద్వారా వస్తుంది. దూరం వేల మైళ్ళు. అయినా ఆ గొలుసంతా ముఖపరిచయాల మీద, మాట మీద నడుస్తుంది. సమాజ సంబంధం అంటే దగ్గరి పొలమే కావాలా అన్న ప్రశ్న ఇక్కడ లేస్తుంది. దీనికి మార్కెట్ వాదుల దగ్గర సరైన జవాబు లేదు.

వాదం రెండు: కూర కన్నా కూటమి ముఖ్యం

అంతర్జాతీయ సహాయ సంస్థ ఐఆర్‌సీ శాన్ డియెగోలో 2009లో 'న్యూ రూట్స్' తోట పెట్టింది. ఉత్తర కరొలైనాలో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాల కోసం 'ట్రాన్స్‌ప్లాంటింగ్ ట్రెడిషన్స్' పొలం నడుస్తోంది. వీళ్ళ లెక్కలో ఆదాయం ఒక పద్దు మాత్రమే. భాష రాక నాలుగు గోడల మధ్య మగ్గే ముసలివాళ్ళకు పొలం ఒక చోటు ఇస్తుంది. అక్కడ వాళ్ళే గురువులు. మనవళ్ళకు మొక్క పేరు తాత నోటి నుంచే తెలియాలి.

ఈ ధోరణి తన మూలాన్ని తరచు జపాన్‌లో చూపించుకుంటుంది. అక్కడ 1971లో సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడి, పట్నపు గృహిణులు రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే 'తెయికెయ్' పద్ధతిని వ్యాపింపజేసింది. అమెరికాలో సీజను మొదట్లోనే డబ్బు కట్టి వారంవారం కూరల బుట్ట తీసుకునే సీఎస్ఏ పద్ధతి 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్‌లలోని రెండు పొలాల్లో మొదలైంది. అది జపాన్ బిడ్డేనా అంటే అందరూ ఒప్పుకోరు. ఆ రెండు పొలాలూ యూరప్ ఆలోచనల నుంచి పుట్టాయనేవారున్నారు. అలబామాలోని టస్కీగీలో నల్లజాతి ఆచార్యుడు బుకర్ వాట్లీ అంతకుముందే ఇలాంటిదే బోధించాడని గుర్తుచేసేవారూ ఉన్నారు. వంశవృక్షం ఎలా ఉన్నా, కాలిఫోర్నియాలోని 'రాడికల్ ఫ్యామిలీ ఫామ్స్', 'సెకండ్ జెనరేషన్ సీడ్స్' లాంటి చోట్ల ఆసియా మూలాల కొత్తతరం ఈ దారినే తొక్కుతోంది. వీళ్ళలో చాలామందికి సేద్యం వారసత్వంగా రాలేదు. చదువులయ్యాక కోరి తెచ్చుకున్నారు. హ్మాంగ్ తల్లి కాకర వేయడం, పట్టభద్రురాలు కొరియా మిరప వేయడం ఒకే గాటన కట్టదగ్గవి కావు. ప్రశంసా వ్యాసాలు తరచు కడుతున్నాయి.

వాదం మూడు: పచ్చదనం వెనక ఎవరి చెమట?

మూడో వర్గం మాటలు చేదుగా ఉన్నా వినవలసినవి. జూలీ గుత్‌మన్ 2004లో కాలిఫోర్నియా సేంద్రియ రంగాన్ని శల్యపరీక్ష చేస్తూ, భూమి ధర ఆకాశంలో ఉన్నచోట మంచి సాగు కూడా పెద్ద సాగు దారిలోకే నెట్టబడుతుందని వాదించారు. జెనిఫర్ సవర్‌వైన్, క్రిస్టీ గెట్జ్, నాన్సీ పెలూసో హ్మాంగ్ రైతులనూ, లావోస్ నుంచే వచ్చిన మియెన్ రైతులనూ దగ్గరగా చూసి 2015లో రాసినది ఇంకా సూటిగా తాకుతుంది. ఆ కుటుంబాల్లో కోతకాలంలో బాబాయిలు, పెద్దమ్మలు, వంశపు చుట్టాలు ఒకరి చేనుకు ఒకరు బదులు పనికి వెళతారు. దగ్గరి కుటుంబం దాటితే చట్టం దృష్టిలో వాళ్ళు కూలీలు. కూలీలకు ప్రమాద బీమా లేదని తనిఖీ అధికారులు వేసిన జరిమానాలు రెండు మూడెకరాల రైతును ముంచేశాయి. వేలమందిని పనిలో పెట్టే కమతాల నుంచి కూలీని కాపాడటానికి పుట్టిన చట్టం ఇక్కడ చుట్టరికాన్ని నేరం చేసింది. అలాగని కుటుంబ శ్రమ అనగానే చేతులు జోడించడమూ సరికాదు. కూలి లేని ఆ పనిలో ఎక్కువ పాలు ఆడవాళ్ళదీ పిల్లలదీ.

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. మొదటిది ఎకరానికి రాబడి కొలుస్తుంది, రెండోది తోటకు వచ్చే మనుషుల్ని లెక్కపెడుతుంది, మూడోది ఎవరు దేన్ని కోల్పోయారో వెతుకుతుంది. మొదటివాళ్ళకు రైతు ఒక వ్యాపారి, రెండోవాళ్ళకు సాంస్కృతిక వారసుడు, మూడోవాళ్ళకు శ్రామికుడు. కౌలు సంగతి మొదటివాళ్ళు ఖర్చుల పట్టికలో ఒక వరుసగా రాసి వదిలేస్తారు. రెండోవాళ్ళు దాత దయతో దాటేస్తారు. మూడోవాళ్ళు అక్కడ ఆగారు గానీ బయటికి దారి చూపలేదు.

గోంగూర, కరివేపాకు, తూటికూర

ఆకుల సంగతికి వస్తే తెలుగు పాఠకులకు ఈ చర్చ వంటింటి దాకా వస్తుంది. మన ఎర్ర గోంగూరా, కరెన్, బర్మీయుల చిన్‌బాంగూ ఒకటే మొక్క. తెలంగాణ పుంటికూర, నైజీరియా, జమైకాల ఎర్ర పానీయం కూడా ఆ కుటుంబానివే. నైజీరియా, జమైకావాళ్ళకు కావలసింది పువ్వు కింది ఎర్రని రక్షకపత్రాలు, మనకూ బర్మావాళ్ళకూ కావలసింది పుల్లటి ఆకు. ఈ మొక్క పగటిపొద్దు తగ్గితేగాని పూయదు. న్యూజెర్సీ, మిన్నెసోటాలలో అది పూసే వేళకు మంచు పడుతుంది. కాబట్టి ఉత్తరాన ఆ ఎర్ర పంట దక్కడం కష్టం, ఆకు మాత్రం వేసవంతా దండిగా కోయవచ్చు. ఒకరికి పనికిరాని వాతావరణం ఇంకొకరికి సరిగ్గా సరిపోయింది. వేరువేరు దేశాలవాళ్ళను ఒకే రైతు బల్ల ముందు నిలబెట్టగల పంట ఇంతకన్నా దొరకదు. ఫ్రెస్నోలో విశ్వవిద్యాలయ సలహాదారులు హ్మాంగ్ రైతుల మునగ సాగుకు తోడ్పడటంలోనూ ఇదే సూత్రం ఉంది. పండించేది ఒకరు, తినేది ఫిలిప్పీన్స్‌వాళ్ళూ మనవాళ్ళూ.

కరివేపాకు కథ వేరు. నారింజ తోటలను ఎండగట్టే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు ఫ్లోరిడాలో 1998లో, తెగులు 2005లో కనిపించాయి. ఆ తెగులు కరివేప చెట్టులో నిలవదని పరిశోధనల్లో తేలింది. పురుగుకు మాత్రం ఆ చెట్టు మంచి విడిది. దాంతో కరివేప మొక్కల రవాణాపై ఆంక్షలు వచ్చాయి. ఇండియా నుంచి సంచిలో తెచ్చుకున్న పచ్చి రెబ్బ విమానాశ్రయం దాటదు. తూటికూర ఇంకా ఒక అడుగు ముందుకెళ్ళింది. సమాఖ్య ప్రభుత్వం దాన్ని హానికర కలుపుగా ప్రకటించింది. టెక్సస్‌లోని రోషారన్‌లో కంబోడియన్ కుటుంబాలు అనుమతులు తీసుకుని దాన్ని గ్రీన్‌హౌసుల్లో పెంచుతున్నాయి. కాలువల్ని కమ్మేసే మొక్క మీద భయం నిరాధారం కాదు. అయితే నిషేధానికీ నిర్లక్ష్యానికీ మధ్య దారి ఉందని టెక్సస్ చూపింది.

ఇంకా తేలనివి

మొదటిది లెక్కలు. 2017 వ్యవసాయ గణనలో 34 లక్షల సాగుదారుల్లో ఆసియా మూలాలవారు ఒక శాతం కూడా లేరు. ఇరవై రకాలు కలిపి వేసే రైతు దిగుబడిని ఆ పట్టికలు పట్టుకోలేవు. రెండోది వారసులు. హ్మాంగ్ పిల్లలు ఎక్కువగా ఉద్యోగాలకు వెళుతున్నారు. దాన్ని సాగు వైఫల్యం అనాలా, తల్లిదండ్రుల విజయం అనాలా అన్నచోట పండితులు తడబడుతున్నారు. మూడోది నీళ్ళు. భూగర్భజలాల వాడకంపై కాలిఫోర్నియా 2014లో చట్టం తెచ్చింది. బావి లోతు చేయించాలన్నా సాయానికి దరఖాస్తు పెట్టాలన్నా భూయజమాని ఒప్పుకోవాలి. కౌలుదారు మాట చెల్లదు.

అన్నీ చుట్టి మళ్ళీ నేల దగ్గరికే వచ్చాం. ఈ సమీక్షలో కనిపించిన ప్రయత్నాల్లో బలంగా తోచేది ఒకటే. 2011లో ఏర్పడిన హ్మాంగ్ అమెరికన్ ఫార్మర్స్ అసోసియేషన్ మిన్నెసోటాలోని డకోటా కౌంటీలో 155 ఎకరాలను మొదట కౌలుకు తీసుకుని, తర్వాత సంఘం పేర సొంతం చేసుకుంది. సభ్య కుటుంబాలు ఏళ్ళ తరబడి కదలకుండా నేలను బాగుచేసుకుంటున్నాయి, కూరలు కలిపి బడులకూ బుట్టల పథకానికీ అమ్ముతున్నాయి. మార్కెట్, సమాజం, హక్కు అనే మూడు వాదాలూ కొట్లాడుకోకుండా కలిసిన చోటు ఇది. మిగతావి మంచి ప్రయత్నాలే గానీ ఒకరి సంతకంతో రద్దయ్యేవి.

అమెరికాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్నది టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో. గోంగూరకు అక్కడ కొదవలేని గిరాకీ ఉంది. వినాయకచవితికో దీపావళికో వేదికలు కట్టే సంఘాలు, దగ్గర్లోని కరెన్, హ్మాంగ్ రైతుతో కూర్చుని వేసవి పంటకు ముందే కొంత డబ్బు కట్టి ఒప్పందం చేసుకోవచ్చు. బహువార్షిక కౌలు పత్రానికి హామీదారుగా నిలబడగలిగితే ఇంకా మేలు. న్యూజెర్సీలో గోంగూర విత్తేది మంచు వదిలాక, మే నెలలో. రైతు విత్తనం కొనేది ఫిబ్రవరిలో. ఆ మాట అప్పటికే అందాలి.